బొమ్మను సాగదీయకండి, మిగతాదంతా బాగుంది: మా లైబ్రరీ సినిమా విభాగంపై ఓ పాత ఆపరేటర్ రివ్యూ

ముందే మార్కులు చెప్పేస్తాను. ఏ సినిమా ఎవరు చూడాలో చెప్పడంలో మా పబ్లిక్ లైబ్రరీకి పదికి తొమ్మిది. ఆ సినిమాని తెర మీద వేయడంలో పదికి నాలుగు, అదీ ఈ మధ్య కాస్త మెరుగుపడ్డాక. జనాన్ని కూర్చోబెట్టి మాట్లాడించడానికి మార్కులు వేయలేను, ఒక్కో నెల ఒక్కోలా ఉంటుంది. నేను రిటైరయ్యేదాకా సినిమా హాల్లో ఆపరేటర్‌ని. కార్బన్ కడ్డీలు మండించి వెలుగు తెప్పించిన కాలం నుంచి, సినిమా మొత్తం ఒక హార్డ్ డిస్కులో వచ్చే కాలం దాకా ఆ చిన్న గదిలోనే పనిచేశాను. అందుకని ఇందులో తెర గురించి గొణుగుడు కాస్త ఎక్కువే ఉంటుంది. అది అక్కర్లేనివాళ్లు సగం దాకా చదివి ఆపేయొచ్చు, సిఫార్సుల సంగతి ముందే రాస్తున్నాను.

సినిమాల ర్యాకు లోపలికి వెళ్లగానే కనపడదు. పత్రికల గది దాటి, 791.43 అని నంబరు రాసి ఉన్న వరస వెతుక్కోవాలి. లైబ్రరీల్లో పుస్తకాల్ని విషయం వారీగా నంబర్లు వేసి సర్దే డ్యూయీ పద్ధతిలో సినిమాల మీద వచ్చిన పుస్తకాలకి ఇచ్చే నంబరు అది. చాలా లైబ్రరీల్లో డిస్కులు ఒక మూల, సినిమా పుస్తకాలు ఇంకో మూల ఉంటాయి. ఇక్కడ రెండూ పక్కపక్కనే పెట్టారు. డిస్కు కోసం వచ్చినవాడు పుస్తకం కూడా పట్టుకెళ్తున్నాడు. ఎవరి బుర్రలో పుట్టిన ఆలోచనో గానీ భేషైన పని.

ర్యాకు అంచుకి క్లిప్పులతో చీటీలు తగిలించి ఉంటాయి. సినిమా చూసి డిస్కు తిరిగిచ్చిన సభ్యులు రాసినవి. వాటికి మూడు షరతులున్నాయి. కథ చెప్పకూడదు. నక్షత్రాలు, మార్కులు వేయకూడదు. ‘ఎవరికి?’ అన్న ప్రశ్నకి మాత్రం జవాబు తప్పనిసరిగా రాయాలి. ఈ మూడో షరతు పెట్టినవాళ్లకి సినిమా గురించీ తెలుసు, మనుషుల గురించీ తెలుసు. సినిమా బాగుందా లేదా అని అడిగితే అందరూ ఒకే మాట చెబుతారు. ఎవరికి బాగుంటుంది అని అడిగితే రాసేవాడు ఆగి ఆలోచించాల్సిందే.

జపాన్ దర్శకుడు కురసావా 1952లో తీసిన ‘ఇకిరు’ మీద ఒక చీటీ ఉంది: ‘ఫైలు మీ టేబుల్ మీంచి పక్క టేబుల్‌కి తోసేసి ఇంటికొచ్చిన రోజు చూడాలి.’ ప్రభుత్వాఫీసులో ఏళ్ల తరబడి ముద్రలు వేసి, తనకి కేన్సర్ అని తెలిశాక పిల్లలకి ఒక పార్కు కట్టించాలని పూనుకున్న ఉద్యోగి కథ అది. చీటీలో కథ ఒక్క ముక్క లేదు, అయినా చూడాల్సినవాడికి అందాల్సింది అందింది. ఇంకో జపాన్ దర్శకుడు ఓజు తీసిన ‘టోక్యో స్టోరీ’ మీద ఇంకొకటి: ‘అమ్మానాన్నలకి ఫోన్ చెయ్యాలి చెయ్యాలి అనుకుంటూ వాయిదా వేసేవాళ్లకి. వాళ్ల పక్కన కూర్చుని మాత్రం చూడొద్దు.’ ఇది రాసిందెవరో తెలీదు, చీటీల మీద పేర్లు రాయనివ్వరు. తెలిస్తే ఓ నమస్కారం పెట్టేవాణ్ని.

తిట్టే చీటీలు కూడా తీసేయరు. పేరు చెప్పను గానీ, ఒక మూడు గంటల సినిమా మీద ఎవరో ‘నిద్ర పట్టనివాళ్లకి’ అని రాశారు. కొన్ని వారాలకి దాని కిందే వేరే చేతిరాతలో ‘పట్టింది. చాలా థ్యాంక్స్’ అని ఉంది. లైబ్రేరియన్ ఆ రెండూ అలాగే ఉంచింది. ఆ సినిమా ఇప్పుడు ర్యాకులో దొరకట్లేదు, ఎప్పుడు చూసినా బయటే ఉంటోంది.

ఫోన్లో వచ్చే సిఫార్సులతో నాకున్న పేచీ ఇక్కడే. ఒక యుద్ధం సినిమా చూశామా, ఇక నెలరోజులు తుపాకులే. నిన్న చూసినదాన్నే రంగు మార్చి మళ్లీ చూపిస్తుంది. చీటీ అలా కాదు. నా వయసుకీ, అలవాట్లకీ ఏ సంబంధమూ లేని మనిషి ఒక వాక్యం రాసి పెడితే, నేనెన్నడూ చేయి వేయని డిస్కు మీద చేయి పడుతుంది. మూకీ సినిమాలంటే నాకు పెద్ద గౌరవం ఉండేది కాదు. మా హాల్లో అవి ఎప్పుడూ వేయలేదు, మాకు అవి మ్యూజియం సరుకు. బస్టర్ కీటన్ తీసిన ‘ద జనరల్’ మీద ‘రైలంటే పిచ్చి ఉన్న పిల్లలున్న ఇంటికి’ అని చూసి మనవడి కోసం తీసుకెళ్లాను. అది 1926 నాటిది. వంతెన కూలి రైలింజను నదిలో పడిపోయే సీను ఒకటుంది. బొమ్మ ఇంజను అనుకున్నాను. నిజమైన ఇంజన్నే నిజంగా నదిలోకి తోసి తీశారని తర్వాత ఆ పక్కనున్న పుస్తకంలో చదివాను. మనవడు ఆ ఒక్క సీను ఎన్నిసార్లు వెనక్కి తిప్పించాడో లెక్కలేదు.

కౌంటర్ దగ్గర కూర్చునే అమ్మాయి గురించి చెప్పకపోతే ఈ రివ్యూ అన్యాయం అవుతుంది. ‘మీకు ఎలాంటి సినిమాలు ఇష్టం?’ అని అడగదు. ఆ ప్రశ్నకి ఎవరూ నిజం చెప్పరని ఆవిడకి తెలుసు. ‘బాబాయ్ గారూ, ఈ మధ్య మీరు మధ్యలో ఆపేసిన సినిమా ఏది?’ అని అడుగుతుంది. ఆ తర్వాత ‘ఎక్కడ ఆపారు?’ అంటుంది. నేను ఒక కుటుంబ కథని మధ్యలో కట్టేశానని చెప్పాను. ఎందుకంటే అందులో ప్రతి ఏడుపుకీ ముందే వయొలిన్ మొదలవుతుంది. మనం ఎక్కడ ఏడవాలో వాళ్లే చెబితే ఇక మనం చూడ్డం ఎందుకు? ఆవిడ నవ్వి, నా చేతిలో పెట్టింది ‘టోక్యో స్టోరీ’. కెమెరా నేలకి కాస్త పైన దాదాపు కదలకుండా కూర్చుంటుంది, మనుషులు మాట్లాడుకుంటారు, అంతే. నచ్చింది. అలాంటిది నచ్చుతుందని నాకు నేనై చెప్పుకోగలిగేవాణ్ని కాదు.

గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో రాసిన గ్రంథాలయ పంచసూత్రాలు కౌంటర్ వెనక గోడకి అంటించి ఉన్నాయి. ప్రతి చదువరికీ తగిన పుస్తకం అందాలి అనేది అందులో ఒక సూత్రం. దాని వెంటనే, ప్రతి పుస్తకానికీ దాని చదువరి దొరకాలి అని ఇంకోటి. ఈ రెండోదాన్ని ఇక్కడ సినిమాలకి కూడా పాటిస్తున్నారు. ఏడాదిగా ఎవరూ తీసుకెళ్లని డిస్కుల్ని పక్కకి తీసి, వాటికి ప్రత్యేకంగా ఒక చిన్న బల్ల వేసి, ‘వీటిని ఒక్కసారి చూసి చీటీ రాసేవాళ్లు కావాలి’ అని బోర్డు పెట్టారు. నాలాంటి పనిలేనివాళ్లకి అది పండగే.

ఇంకో మంచి అలవాటు ఉంది. ఒకే సినిమాకి రెండు ముద్రణలుంటే ఏది తీసుకోవాలో రాసి పెడతారు. సత్యజిత్ రాయ్ తీసిన ‘పథేర్ పాంచాలి’కి ఇక్కడ రెండు డిస్కులున్నాయి. ఒకటి పాతది, బొమ్మంతా బూడిద చల్లినట్టుంటుంది. రెండోది 2015లో బయటికొచ్చిన పునరుద్ధరణ. ఆ సినిమా అసలు నెగెటివ్ 1993లో లండన్‌లోని ఒక లాబొరేటరీ తగలబడినప్పుడు బాగా దెబ్బతింది. పనికిరాదని వదిలేసినదాన్ని మళ్లీ చేతుల్తో తడిపి, అంటుకుపోయిన పొరలు విడదీసి, చిల్లులు సరిచేసి, కాలిపోయిన చోట్ల వేరే కాపీల నుంచి బొమ్మ తెచ్చి అతికించారు. కాలిన ఫిల్ము వాసన తెలిసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను, అది మామూలు పని కాదు. పాత డిస్కు చూసి ‘ఏముంది ఇందులో’ అనుకున్నవాళ్లు రెండోది చూడాలి.

ఇక డిస్కుల పరిస్థితి. పిల్లల సినిమాలు సగానికి సగం గీతలే. తిరిగిచ్చేటప్పుడు కౌంటర్లో తిప్పి చూడరు, చూస్తే కొంత తగ్గుతుంది. డిస్కులోని సమాచారం లోపలి అంచు నుంచి మొదలై బయటి అంచు వైపు చదవబడుతుంది. అందుకే బయటి అంచున వేలిముద్రలు పడ్డ డిస్కు మొదట్లో బాగానే నడిచి సరిగ్గా క్లైమాక్సులో ఆగిపోతుంది. తుడిచేటప్పుడు గుండ్రంగా తిప్పకూడదు, మధ్యలోంచి అంచుకి నిటారుగా లాగాలి. ఈ మాట రాసి ర్యాకు మీద అంటించమని ఇచ్చాను, అంటించారు. ఎవరూ చదివినట్టు లేరు. మెంబర్‌షిప్ నంబరుతో ఇంట్లోనే ఆన్‌లైన్లో చూసే సదుపాయం కూడా ఉంది, నెలకి ఇన్ని అని పరిమితి. మంచి పాత సినిమాలున్నాయి. వెతకడమే కష్టం, దర్శకుడి పేరు అక్షరం తేడాగా కొడితే ఏమీ దొరకదు. ఇంతకంటే దాని గురించి చెప్పేదేం లేదు.

ఇప్పుడు గొణుగుడు మొదలు.

నెలకి రెండు శుక్రవారాలు సాయంత్రం సినిమా వేస్తారు. టికెట్ లేదు, సభ్యత్వం కూడా అడగరు. మొదటిసారి వెళ్లినప్పుడు తెర మీద మనుషులంతా పొట్టిగా, లావుగా కనిపించారు. పక్కనున్నాయన ‘పాత సినిమాలు అలాగే ఉంటాయి లెండి’ అన్నాడు. ఉండవు! 1950ల ముందరి సినిమాలు చాలావరకు దాదాపు చదరంగా ఉండే చట్రంలో తీశారు, వెడల్పు ఎత్తు కంటే మూడో వంతు కాస్త ఎక్కువ. ఇప్పటి ప్రొజెక్టర్లు వెడల్పు బొమ్మకి తయారైనవి. ‘ఫుల్ స్క్రీన్’ అని ఒక బటన్ నొక్కితే ఆ బొమ్మని రెండు పక్కలకీ లాగి తెర నింపేస్తుంది. హీరోయిన్ మూడో వంతు లావెక్కుతుంది. చక్రాలు గుడ్డు ఆకారంలోకి వస్తాయి. పక్కన నల్ల పట్టీలు వస్తే రానివ్వాలి. డబ్బు పెట్టి కొన్న తెర సగం ఖాళీగా ఉందే అని బాధపడకూడదు.

దాని మీద ఇంకొకటి. కొత్త ప్రొజెక్టర్లలో, టీవీల్లో బొమ్మ కదలికని నున్నగా చేసే సెట్టింగ్ ఒకటి ముందే ఆన్ చేసి ఉంటుంది. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. ఆ మధ్యలో లేని ఫ్రేముల్ని మిషనే ఊహించి చేరుస్తుంది. దాంతో ఎంత గొప్ప సినిమా అయినా సీరియల్ షూటింగులా కనిపిస్తుంది. దాన్ని ఆపేయమంటే ఎక్కడుందో తెలీదన్నారు. రిమోట్ నా చేతికిచ్చారు. ఆ రోజు నుంచి అది ఆగే ఉంది. బొమ్మ సాగదీయడం మాత్రం వేరే ఉద్యోగి డ్యూటీలో ఉన్నప్పుడల్లా మళ్లీ మొదలవుతుంది. రిమోట్ వెనక స్టిక్కర్ అంటించి రాశాను. స్టిక్కర్ ఊడిపోయింది, నేను మళ్లీ అంటించాను.

సౌండ్ సంగతి ఇంకా దారుణం. ప్రొజెక్టర్ లోపలున్న చిన్న స్పీకరుతోనే నడిపేవారు. ప్రొజెక్టర్ వెనకాల ఉంటుంది కాబట్టి, మాట్లాడేవాడు తెర మీద, మాట మన వీపు వెనక! ఎవరో సభ్యులు తమ ఇంట్లో వాడని రెండు స్పీకర్లు ఇస్తే తెర కింద పెట్టారు, సమస్య చాలావరకు తీరింది. కానీ డిస్కు మెనూలో సౌండ్ ఎంపిక చూడరు. ఆరు స్పీకర్ల కోసం చేసిన ట్రాకుని సరిగా కలపకుండా రెండు స్పీకర్ల మీద వదిలితే పాటలు హోరెత్తుతాయి, డైలాగులు గొణుగుతాయి. స్టీరియో ట్రాకు పెడితే సరిపోతుంది. ఇంకో సంగతి, తెర కిటికీ ఎదురుగా ఉంది. వేసవిలో మొదటి అరగంట చీకటి సీన్లన్నీ మన ఊహకే వదిలేయాలి. కర్టెన్లు పెట్టమని సలహాల పెట్టెలో వేశాను.

సబ్‌టైటిల్స్ విషయంలో మాత్రం మెచ్చుకోవాలి. ఏ భాష సినిమా అయినా సబ్‌టైటిల్స్ వేస్తారు. చెవుడున్న వాళ్లకోసం చేసినవి ఉంటే అవే ఎంచుకుంటారు, అందులో ‘తలుపు కొట్టిన చప్పుడు’, ‘దూరంగా రైలు కూత’ లాంటివి కూడా రాసి ఉంటాయి. మొదట్లో కొందరు చిరాకు పడ్డారు. వినికిడి తగ్గిన ఒక పెద్దావిడ ప్రతిసారీ ముందు వరసలో కూర్చుంటారు. ఆవిడ వచ్చినన్నాళ్లూ ఇదే పద్ధతి అని లైబ్రేరియన్ తేల్చి చెప్పింది. పిల్లల్లో శబ్దానికి, చీకటికి తట్టుకోలేనివాళ్లుంటారని నెలకి ఒక మధ్యాహ్నం దీపాలు పూర్తిగా ఆర్పకుండా, వాల్యూమ్ తగ్గించి, మధ్యలో లేచి తిరిగినా ఏమీ అనకుండా ఒక షో వేస్తారు. ఆపరేటర్‌గా నాకది మింగుడు పడని విషయమే, లైట్లు వేసి సినిమా ఏంటి అని. ఆ షోకి వచ్చే తల్లిదండ్రుల ముఖాలు చూశాక నోరు మూసుకున్నాను.

పోస్టర్లో సినిమా పేరు ఎందుకు ఉండదని చాలామంది అడుగుతారు. డిస్కు కొన్నంత మాత్రాన జనానికి వేసి చూపించే హక్కు రాదు. అది ఇంట్లో చూసుకోవడానికే. పదిమందికి చూపించాలంటే లైబ్రరీ వేరే లైసెన్సు తీసుకోవాలి. అలాంటి లైసెన్సుల్లో కొన్నింటికి, సినిమా పేరు పెట్టి బయట ప్రచారం చేయకూడదన్న షరతు ఉంటుంది. మా వాళ్లది అలాంటిదేనట. అందుకే బయట బోర్డు మీద పొడుపు కథ లాగా రాస్తారు: ‘ఒకే గది. పన్నెండు మంది. ఫ్యాన్ తిరగదు.’ జనం పేరు ఊహించుకుంటూ వస్తున్నారు. పేరు వేస్తే ఇంతమంది వచ్చేవారు కాదేమో.

ఆ పన్నెండు మంది సినిమా ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’. 1957 నాటిది, నిడివి గంటన్నర పైన కొద్ది నిమిషాలు. ఒక హత్య కేసులో కుర్రాడు దోషా కాదా అని జ్యూరీ, అంటే తీర్పు చెప్పడానికి పిలిచిన మామూలు పౌరులు, ఒక గదిలో కూర్చుని తేల్చాలి. మొదటి ఓటింగులో పదకొండు మంది దోషి అంటారు, ఒక్కడు కాదంటాడు. సరిగ్గా అక్కడ లైబ్రేరియన్ బొమ్మ ఆపేసింది. నా ప్రాణం ఉసూరుమంది. సినిమా మొదలై పట్టుమని పావుగంట కాలేదు, అప్పుడే ఇంటర్వెలా? ఆవిడ అందరికీ చిన్న కాగితాలు పంచి, మీరైతే ఏమని వేస్తారు అని అడిగింది. పెట్టెలో వేయించి, విప్పకుండా పక్కన పెట్టి, మళ్లీ సినిమా వేసింది. చివర్లో ఇంకోసారి కాగితాలు పంచింది. రెండు పెట్టెలూ అందరి ముందే విప్పింది. మొదటి పెట్టెలో ఎక్కువమంది ‘దోషి’. రెండోదాంట్లో తలకిందులు. అది అందరూ ఊహించిందే. ఊహించనిది ఏంటంటే, మొదట ‘దోషి’ అని వేసినవాళ్లు ఒక్కరు కూడా ఒప్పుకోలేదు! గదిలో ఉన్న అందరూ ‘నేను ముందే కాదన్నాను’ అనే మనుషులే. ఆ తర్వాత జరిగిన మాటలు నేను లైబ్రరీలో విన్నవాటిలో కెల్లా గట్టివి. గొడవ దాకా వెళ్లింది. మధ్యలో ఆపడం పాపమే, నేను ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆ పాపం ఫలించింది.

ఆ రోజే కాలేజీ అమ్మాయి ఒకతి లేచి, ‘సినిమా పోనుపోను గది చిన్నదైపోయినట్టు అనిపించింది, నాకొక్కదానికేనా?’ అంది. నేను కుర్చీలోంచి ఎగిరినంత పని చేశాను. అది ఆ అమ్మాయి భ్రమ కాదు. సినిమా మొదటి మూడో వంతులో కెమెరా కళ్లకి పై ఎత్తున ఉంటుంది, రెండో వంతులో కళ్ల ఎత్తున, ఆఖరి వంతులో కళ్లకి కింద. చివర్లో గది కప్పు కూడా కనపడటం మొదలవుతుంది. లెన్సులు కూడా పోనుపోను ఎక్కువ ఫోకల్ లెంగ్త్ ఉన్నవి, అంటే దూరంగా ఉన్నదాన్ని దగ్గరకి లాగి చూపించేవి వాడారు, అందుకే వెనక గోడలు మనుషుల మీదకి వచ్చినట్టుంటాయి. దర్శకుడు సిడ్నీ లుమెట్ తన పనితనం గురించి 1995లో వెలువరించిన పుస్తకంలో ఇదంతా చెప్పాడు. లైబ్రేరియన్ నడిచి వెళ్లి 791.43 లోంచి ఆ పుస్తకం తెచ్చి ఆ పేజీ చదివి వినిపించింది. ఆ అమ్మాయే దాన్ని ఇంటికి తీసుకెళ్లింది. మల్టీప్లెక్సులో ఎంత మంచి తెర ఉన్నా ఈ పని జరగదు.

అన్ని శుక్రవారాలూ ఇలా ఉండవు. కొన్నిసార్లు ఒకాయన లేచి, మనమంతా ఇప్పుడే చూసిన కథని మొదటి నుంచి మళ్లీ చెబుతాడు. ఆయన ముగించేసరికి సగం మంది చెప్పులు వేసుకుని ఉంటారు. ‘మొదట చూసింది, విన్నది చెప్పండి, అభిప్రాయం తర్వాత’ అని నియమం పెట్టారు. ఆయన దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తాడు, చూసిందంతా చెబుతాడు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు అని గడియారం పెట్టాల్సిందే. మొహమాటపడుతున్నారు.

పిల్లలకి శనివారం ఉదయం వేస్తారు. పొట్టి సినిమాలు ఎంచుకుంటారు, తెలివైన పని. ‘ద రెడ్ బెలూన్’ 34 నిమిషాలే. మాటలు దాదాపు లేవు. ఒక పిల్లాడు, వాడి వెంట తిరిగే ఎర్ర బెలూన్. చివర్లో ఒక నాలుగేళ్ల పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. పక్కనున్న అన్నయ్య ‘ఏడవకే, ఇంకా ఉంది’ అన్నాడు. వాడికి ముందే తెలుసు. సినిమా అయ్యాక నన్ను ముందుకు పిలిచి, ఫిల్ము ముక్క చూపించమన్నారు. నా దగ్గర మిగిలిన 35 ఎం.ఎం. ముక్కలు పట్టుకెళ్లాను. సెకనుకి 24 బొమ్మలు, నిమిషానికి తొంభై అడుగుల ఫిల్ము అని చెబితే ఒకడు గబగబా కాగితం మీద లెక్క కట్టి, ‘గంటన్నర సినిమాకి లక్షా ఇరవై తొమ్మిది వేల ఆరు వందల బొమ్మలు తాతా’ అన్నాడు. సరైన లెక్కే. తర్వాత అందరూ అట్టముక్కల మీద తలో కొన్ని బొమ్మలు గీసి, కట్ట కట్టి వేళ్లతో జారవిడిచి చూశారు. ఒకడి గుర్రం వెనక్కి పరుగెత్తింది, కట్ట తిరగేసి పెట్టాడు. వాడి దాన్నే అందరూ ఎక్కువసార్లు అడిగి చూశారు.

సినిమాకి సంబంధం లేని కార్యక్రమాల గురించి త్వరగా చెప్పేస్తాను. పాడైన సామాన్లు బాగుచేసే ఆదివారం ఒకటుంది. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైన ‘రిపేర్ కేఫ్’ పద్ధతి చూసి పెట్టారట. మిక్సీ తెచ్చినవాళ్లు పక్కనే కూర్చుని స్క్రూలు పట్టుకోవాలి, వదిలేసి వెళ్తే కుదరదు. బాగుంది. మనుషుల్నే పుస్తకాల్లా అరగంట ‘అద్దెకి’ ఇచ్చే కార్యక్రమం కూడా ఒకసారి పెట్టారు. అది 2000లో డెన్మార్క్‌లో మొదలైన ఆలోచన. వినడానికి బాగానే ఉంది గానీ మా దగ్గర ఏర్పాటు తేలిపోయింది. ఒకే హాల్లో అన్ని జంటల్నీ దగ్గర దగ్గరగా కూర్చోబెట్టారు. సొంత కష్టం చెప్పుకునేవాళ్లకి పక్క బల్ల నవ్వులు వినపడుతుంటే ఎలా? మళ్లీ పెడితే విడివిడి గదులు చూడాలి.

అన్నిటికంటే నాకు నచ్చింది ఇళ్లలో మిగిలిపోయిన పాత రీళ్లు, టేపులు తెచ్చుకునే రోజు. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, ఎవరో ఎప్పుడో తీసిన ఎనిమిది ఎం.ఎం. రీళ్లు. చూసే మిషన్ లేక అటక మీద పెట్టేసినవి. ఆ రోజు నాకు ఒక బల్ల, ఒక దీపం ఇస్తారు. రీలు రాగానే మొదట మూత తీసి వాసన చూస్తాను. వెనిగర్ వాసన కొడితే ఫిల్ము కుళ్లడం మొదలైందని లెక్క. దాన్ని మిగతా వాటికి దూరంగా, చల్లగా, తడి లేని చోట పెట్టుకోమని, వెంటనే కాపీ చేయించుకోమని చెబుతాను. ఆ తర్వాత పక్కనున్న చిల్లులు చూస్తాను. చిల్లులు చిన్నవైతే 1965లో వచ్చిన సూపర్ ఎయిట్, పెద్దవైతే అంతకు ముందరి రకం. రెండూ ఒకే మిషన్‌లో పెడితే చిరిగిపోతాయి. ‘ఇంట్లో ప్రొజెక్టర్ ఉంది, వేసి చూస్తాం’ అనేవాళ్లని బతిమాలి ఆపాల్సి వస్తుంది. ఎండి పెళుసైన ఫిల్ము పాత మిషన్‌లో వేస్తే అదే దాని ఆఖరి ఆట.

ఒకసారి ఒక పెద్దాయన తెచ్చిన రీలు బాగానే ఉంది. లైబ్రరీ వాళ్ల స్కానర్‌లో వేసి తెర మీద చూపించారు. సౌండ్ లేదు. ఒకావిడ వాకిట్లో నిలబడి కెమెరా వైపు చెయ్యి అడ్డంగా ఊపుతోంది, తియ్యొద్దు తియ్యొద్దు అన్నట్టు. ఆయన ‘మా అమ్మ’ అన్నాడు. గదిలో ఉన్నవాళ్లు ఎవరూ ఆయనకి బంధువులు కారు. అందరూ చివరిదాకా కూర్చున్నారు. అయ్యాక ఆయన్ని ప్రశ్నలు అడిగారు: అది ఎక్కడ, పక్కనున్న పిల్ల ఎవరు, కెమెరా ఎవరిది. సాధారణంగా మాట్లాడని మనిషట, అరగంట చెప్పాడు. ఈ కార్యక్రమానికి మాత్రం పదికి పది. కాకపోతే ఏడాదికి ఒక్కసారే పెడతారు, స్కానర్ ఒక్కటే ఉంది, పేరు రాయించుకోవడానికి పొద్దున్నే వెళ్లాలి.

చివరిగా కొన్ని ఫిర్యాదులు. కార్యక్రమాలన్నీ ఉద్యోగాలు లేనివాళ్ల వేళలకే సరిపోతాయి. శుక్రవారం సినిమా మొదలయ్యే సమయానికి ఆఫీసుల నుంచి వచ్చేవాళ్లు దారిలోనే ఉంటారు. ఒక గంట వెనక్కి జరపొచ్చు. కుర్చీలు గంట దాటితే నడుము విరిచేస్తాయి, దిండు తెచ్చుకునేవాళ్లు తెలివైనవాళ్లు. డిస్కు ఇచ్చే గడువు తక్కువ. వేరేవాళ్లు రిజర్వ్ చేసుకోకపోతే ఫోన్లోనే రెన్యువల్ చేస్తారు, ఆ సంగతి ఎక్కడా రాసి ఉండదు, అడిగితేనే చెబుతారు.

కొత్తగా వెళ్లేవాళ్లు సూటిగా కౌంటర్‌కి వెళ్లి, మధ్యలో ఆపేసిన సినిమా పేరు చెప్పండి. మిగతాది ఆవిడ చూసుకుంటుంది. శుక్రవారం వెళ్తే మూడో వరస మధ్యలో కూర్చోండి, ఆ గదిలో సౌండ్ సరిగా వినపడేది అక్కడే. మనుషులు లావుగా కనపడితే చెయ్యెత్తి చెప్పండి, నేను ఒక్కణ్నే చెబుతుంటే చాదస్తం అనుకుంటున్నారు. చీటీలు రాయడానికి ఖాళీ అట్టలు కౌంటర్ దగ్గర డ్రాయర్లో ఉంటాయి. పెన్ను మీదే తీసుకెళ్లండి, అక్కడ దారంతో కట్టిన పెన్ను రాయదు.